ఆగమన్న పిడికిలి

ఎన్నికల నెల. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో చెయ్యెత్తి పలకరించడానికి కూడా జనం జంకుతున్నారు. పిడికిలి ఎత్తితే ఒక పార్టీ, రెండు వేళ్ళు చాపితే ఇంకో పార్టీ. పాటగాడు డెల్‌ఫర్డ్ ఇల్లు పిడికిలివాళ్ళ పేటలో. ఆ మధ్యాహ్నం అతని బ్యాండు వాయించవలసింది రెండువేళ్ళవాళ్ళ మైదానంలో.

అతని భయమల్లా తన కుడిచేతి గురించే. పాట నడుమ అతను పిడికిలి ఎత్తితే వాద్యాలన్నీ ఠక్కున ఆగాలి. ఆ నిశ్శబ్దానికే జనం వెర్రెత్తి కేకలు వేస్తారు. ఏళ్ళనాటి అలవాటు.

"ఇవాళ తల ఊపుతాను, నన్నే చూస్తుండు," అన్నాడు డ్రమ్మర్ ఆస్బర్ట్‌తో.

"నీ మొహం చూస్తూ కూర్చోడానికి నేను నీ పెళ్ళాన్నా గురూ? చెయ్యి జేబులో పెట్టుకో, చాలు."

అలాగే పెట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని మొదలుపెట్టాడు. రెండో చరణంలో దేవుడి పేరు వచ్చేసరికి ఒళ్ళు మరిచాడు. తెలివొచ్చేసరికి పిడికిలి తలమీద ఉంది. బ్యాండు ఆగిపోయింది. ఒక్కరూ కేక వెయ్యలేదు.

ఆ రెండువేళ్ళవాళ్ళ పేటను ఏలే ఫెర్రిస్ ముందు వరసలోంచి లేచి చొక్కా అంచు ఎత్తాడు. నడుముకి పిస్తోలు.

"ఎవరికిరా ఆ చెయ్యి?"

రెండు వేళ్ళు చాపితే డెల్‌ఫర్డ్ ఇక్కడ బతుకుతాడు. ఇంటికెళ్ళాక పిడికిలివాళ్ళు తల్లి కళ్ళముందే చంపేస్తారు.

"డ్రమ్మర్‌కి, అన్నా. ఆగమని."

"ఓహో. అయితే మళ్ళీ వాయించండి. నేను ఎత్తమన్నప్పుడు ఎత్తు. ఒక్కడు ఆగకపోయినా చూస్తా నీ సంగతి."

వాయించారు. డెల్‌ఫర్డ్ చెయ్యి బండరాయైంది.

"ఎత్తరా!"

ఎత్తాడు. అన్నీ ఒక్కసారే ఆగాయి. ఎక్కడో మేక అరవడం వినిపించింది.

చేపలు వేయించే ఐసిల్డమ్మ పకపకా నవ్వింది. "ఒరే ఫెర్రిస్, నీ పెళ్ళాం నీ మాట ఇంత తొందరగా ఏనాడైనా విందిట్రా?"

మైదానమంతా నవ్వు. "ఇంకోసారి! ఇంకోసారి!"

ఫెర్రిస్ కూడా నవ్వుతూ వేదికెక్కాడు. "ఈసారి నేను ఆపుతా."

వాయిద్యం ఊపందుకుంది. ఫెర్రిస్ పిడికిలి ఎత్తాడు. ఆగింది.

ఎవరూ నవ్వలేదు. ఫెర్రిస్ తల పైకెత్తి తన చేతిని తనే చూసుకున్నాడు. తర్వాత, కింద నిలబడ్డ తన మనుషుల్ని. వాళ్ళ ముఖాలు మారిపోయాయి. అతని పెదవులు పాలిపోయాయి. దించితే తప్పు ఒప్పుకున్నట్టు, ఉంచితే అవతలి పార్టీవాడైనట్టు.

ఇందాక తన ముఖమూ ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాడు డెల్‌ఫర్డ్. చేతులిచ్చిన దేవుడు వాటికి పార్టీలు కూడా రాసిపెట్టాడా? అతనికి అర్థం కాలేదు. ఫెర్రిస్‌కు అడ్డంగా ముందుకొచ్చి, వాద్యాల కోసం ఆగకుండా గొంతెత్తాడు. శ్రుతి తప్పింది. అయినా, వెనకాల ఆ చెయ్యి దిగేదాకా పాడుతూనే ఉన్నాడు.