మొహం మీద గడి

శ్రీకూర్మంలో గుడికి వెళ్లే దారిలో నాకొక ఫొటో స్టూడియో ఉంది. జగన్నాధం అంటే ఎవరికీ తెలియదు గానీ, కోప్పడే ఫొటో ఆయన అంటే ఎవరైనా దారి చూపిస్తారు. తల తిన్నగా పెట్టమంటే పెట్టని వాళ్ల మీద కోపం, పాస్‌పోర్టు ఫొటోకి పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాళ్ల మీద కోపం. ఆ మంగళవారం మాత్రం నా కోపమంతా నా మీదే.

కిందటి వారం సముద్రం ఒడ్డు పల్లె నుంచి తల్లీ కూతుళ్లు వచ్చారు. తల్లి లక్ష్మణమ్మ, చేపల గంప మోసి మోసి నడినెత్తిన జుట్టు పల్చబడిన మనిషి. కూతురు ఈశ్వరి రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. సంచీలోంచి పాత వీడియో క్యాసెట్టు తీసి నా బల్ల మీద పెట్టారు. వాళ్ల వీధిలో ఎవరిదో పెళ్లి, అటక దులుపుతుంటే దొరికిందట. అందులో ఊరేగింపు దగ్గర ధనరాజు కనిపిస్తాడని ఆ ఇంటివాళ్లు చెప్పారట. ధనరాజు లక్ష్మణమ్మ మొగుడు. ఆ పెళ్లి జరిగిన ఏడు నెలలకి సముద్రం మీద చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఈశ్వరి కడుపులో ఉంది.

“మా అయ్య మొకం నేను ఎప్పుడూ సూడలేదు అంకుల్. ఇంట్లో ఒక్క ఫొటో కూడా నేదు,” అంది ఈశ్వరి.

ఎందుకు లేదో నాకు తెలుసు. సముద్రంలో శవం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు ఆ రోజు. మొహం లేని బొమ్మని తగలెట్టడం ఎవరో పెద్దమనిషికి బాగా అనిపించలేదు. లక్ష్మణమ్మ పెళ్లి ఫొటో తెప్పించి, ధనరాజు ఉన్న సగం కత్తిరించి బొమ్మ తలకి కట్టించాడు. అందరూ ఏడుస్తున్నారు, ఇంకో ఫొటో ఉందా అని ఎవరికీ తోచలేదు. మిగిలిన సగంలో లక్ష్మణమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఆ ఫొటో తీసింది నేనే. పిల్లకి పదేళ్లు వచ్చాక, నెగటివ్ ఉందేమోనని లక్ష్మణమ్మ నా కొట్టుకి వచ్చింది. ఆ ముందు ఏడే నేను డిజిటల్ కెమెరా కొని, పాత నెగటివ్‌లన్నీ ఫిల్ములోంచి వెండి తీసేవాళ్లకి పడేశాను. ఆవిడ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది, ఇన్నేళ్లూ నన్ను ఆ మౌనమే తినేసింది. అందుకే క్యాసెట్టు చూడగానే, మాట ఇచ్చేశాను. మొహం చూపిస్తాను, ఫోన్‌లో వేసి ఇస్తాను, గోడకి పెద్ద ఫొటో కూడా కట్టిస్తాను అన్నాను.

తెరిచి చూస్తే టేపు అంచు పొడుగునా తెల్లటి బూజు. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచాను. ఇలాంటి టేపు ఒకసారి తిరుగుతుంది, అదృష్టం ఉంటే రెండోసారి. తిరిగినప్పుడల్లా దాని మీది బొమ్మ పొడి పొడిగా రాలిపోతుంది. వీసీఆర్‌ కూడా చివరి రోజుల్లో ఉంది, బెల్టు సాగిపోయింది. దాన్ని కంప్యూటరుకి కలిపి, బొమ్మ స్క్రీన్ మీద పడుతుంటే ఆ స్క్రీన్‌ని రికార్డు చేసుకోవడం నా పద్ధతి. పాత సాఫ్ట్‌వేర్, బొమ్మ స్క్రీన్ నిండా తప్ప వెయ్యదు. చిన్నది చేశామా, నల్లబడిపోతుంది.

మంగళవారం పొద్దున్న కొట్టు తీసేసరికి కంప్యూటరు రాత్రికి రాత్రి ఏదో అప్‌డేట్ చేసుకుని కూర్చుంది. స్క్రీన్ కింద సగంలో, నడిమధ్యన, అరచేతి వెడల్పున ఒక నల్ల గడి. అందులో తాళంకప్ప బొమ్మ, పక్కన క్యాప్స్ లాక్ ఆఫ్ అని అక్షరాలు. బొత్తాం నొక్కితే ఆన్ అంటుంది, మళ్లీ నొక్కితే ఆఫ్ అంటుంది. ఏదీ నొక్కి లేదని చెప్పడానికి కూడా ఒక గడి కావలసి వచ్చింది దానికి. కాసేపటికి అదే పోతుందిలే అనుకున్నాను. క్యాసెట్టు వేసి, రికార్డింగ్ పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయాను. నేను చేసిన వెధవ పని ఇంతే.

పది గంటలకి తల్లీ కూతుళ్లు వచ్చారు. లక్ష్మణమ్మ ఉతికిన చీర కట్టుకుంది, ఈశ్వరి సెలవు పెట్టింది. కుర్చీలు వేసి, రికార్డు అయినది వాళ్ల ముందే మొదటిసారి తెరిచాను. తాళంకప్ప గడి కూడా రికార్డయింది. పెళ్లికూతురి మెడలో తాళి మీద గడి, పంతులు చేతుల మీద గడి. మొదట్లో నేను నవ్వేశాను కూడా. ఊరేగింపు వచ్చింది. బ్యాండు వాళ్ల ముందు ఒకతను చొక్కా చేతులు పైకి మడిచి ఆడుతున్నాడు. ఆడుతూ ఆడుతూ తిన్నగా కెమెరా దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా ఆ మొహం మీద గడి. పదకొండు సెకన్లు అలాగే నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

“ఆడే,” అంది లక్ష్మణమ్మ. “ఆ బుజం ఇసురు ఆడిదే. నడక కూడా ఆడిదే.”

ఈశ్వరి తల పక్కకి వంచి చూసింది. గడి వెనకాల ఉన్నది పక్క నుంచి కనిపిస్తుందేమో అన్నట్టు కుర్చీ కూడా జరుపుకుంది. “అంకుల్, ఆ డబ్బా తీసెయ్యండి,” అంది.

“తీయలేనమ్మా. బొమ్మలో కలిసిపోయింది.”

“మరి కేసెట్టు మళ్లీ ఎయ్యండి.”

“ఇంకొక్కసారి మాత్రమే తిరుగుతుంది. ఆ లోపల ఈ గడి పోవాలి.”

బయట ఆకాశం దిగిపోయి ఉంది. అల్పపీడనమని రేడియోలో పొద్దుటి నుంచీ చెబుతున్నారు. వాన పడితే మా వీధిలో ముందు పోయేది కరెంటు. ఆ తేమకి టేపు సాయంత్రానికల్లా చుట్టకి చుట్ట అతుక్కుపోతుంది. టీవీకి కలిపి ఫోన్‌తో తీద్దామంటే నా టీవీ పాడై మూడేళ్లయింది, పక్క హోటల్లో కొత్త టీవీకి ఈ తీగ పెట్టే కన్నమే లేదు. క్యాసెట్టుని రివైండ్ మిషన్‌కి అప్పగించడానికి ధైర్యం చాలక, వేలితో చక్రం తిప్పుతూ వెనక్కి చుట్టాను. అరగంట పట్టింది.

ఆ తరువాత ఆ గడితో నా గొడవ మొదలైంది. సెట్టింగ్స్‌లో కీబోర్డు అని ఉన్నచోటల్లా వెతికాను. శబ్దం ఆపడానికి ఉంది, వెలుతురు ఆపడానికి ఉంది, ఈ గడి ఆపడానికి లేదు. యూట్యూబ్‌లో ఒకాయన హిందీలో చెప్పింది చెప్పినట్టు చేస్తే స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవయ్యాయి, గడి కూడా వాటితో పాటు పెరిగింది. లక్ష్మణమ్మ నా వెనకాల కదలకుండా కూర్చుంది. ఆవిడ లేచి వెళ్లిపోతే బాగుండునని కూడా అనిపించింది. రెండోసారి వట్టి చేతులతో పంపించే ఓపిక నాకు లేదు.

చివరికి గిరిబాబుకి ఫోన్ చేశాను. పాతికేళ్ల కిందట నా దగ్గర ఆల్బమ్‌లు అతికించినవాడు, ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పనుల్లో కంప్యూటర్లు చూస్తున్నాడు.

“ఏటి గురూ, మళ్లీ తిడతావా ఏటి,” అన్నాడు.

“తిట్టనురా. కాళ్లు పట్టుకుంటాను. చెప్పు.”

ఆ మాటకి వాడు హాస్యం మానేశాడు. విండోస్ బొత్తాం, ఆర్ బొత్తాం కలిపి నొక్కమన్నాడు. తెరుచుకున్న చిన్న పెట్టెలో సర్వీసెస్ అని ఉండే మాట ఒక్కొక్క అక్షరమే చెప్పి కొట్టించాడు. బారెడు జాబితా వచ్చింది. “కీబోర్డు తయారుసేసిన కంపెనీ పేరున ఒకటి ఉంటాది సూడు గురూ. ఆన్ స్క్రీన్ అని కూడా ఉంటాది. అదే ఆ గడిని ఏస్తన్నాది. దాన్ని ఆపు.”

కంపెనీ పేరున రెండున్నాయి. కంగారులో మొదటిది ఆపాను. మౌసు చచ్చిపోయింది. బాణం ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయింది, గడి మాత్రం చెక్కుచెదరలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై ఏడేళ్లవాణ్ని, కంప్యూటరు ముందు కూర్చుని ఏడుస్తున్నాను.

“గురూ, ఏటైనాది?”

“మౌసు పోయిందిరా.”

“పోతే పోయింది. కీబోర్డుతో తిప్పుదాం. నాను ఉన్నాను కదా, కంగారు పడకు.”

బాణం గుర్తుల బొత్తాలతో కిందికి, కిందికి, మళ్లీ కిందికి. రెండోది దొరికింది. ఆపి, ఇక ఎప్పటికీ లేవకుండా డిసేబుల్ అన్నది పెట్టమన్నాడు. మొదటిదాన్ని తిరిగి లేపమన్నాడు. రెండూ చేశాను. గడి అలాగే ఉంది. “ఓపాలి ఆపి ఎలిగించాలి గురూ,” అన్నాడు. రీస్టార్ట్ నొక్కాను.

స్క్రీన్ నీలంగా అయిపోయింది. అప్‌డేట్ అవుతోంది, కంప్యూటరుని ఆపకండి, పన్నెండు శాతం అని పడింది. అదే నిమిషంలో రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. ట్యూబులైటు ఒకసారి కొట్టుకుని నిలబడింది. ఈశ్వరి నా భుజం వెనక నిలబడి అంకెలు పైకే చదువుతోంది. ముప్పై. ముప్పై ఒకటి. వాన పెద్దదైంది. నలభై దగ్గర ఆగిపోయి ఎంతకీ కదలలేదు. కరెంటు ఇప్పుడు పోతే అంతా పోతుంది. నేను దేవుణ్ని పిలిచేవాణ్ని కాదు. ఆ రోజు గుడి వైపు తిరిగి చేతులు జోడించాను, సిగ్గు కూడా పడలేదు.

కంప్యూటరు లేచింది. మౌసు కదిలింది. గడి లేదు. క్యాప్స్ బొత్తాం నాలుగుసార్లు నొక్కి చూశాను, రాలేదు. గిరిబాబుకి థాంక్స్ కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసి క్యాసెట్టు వేశాను. ఈసారి టీకి కాదు కదా, కుర్చీలో వెనక్కి కూడా వాలలేదు. బొమ్మలో గీతలు పెరిగాయి, రంగులు పాలిపోయాయి. తాళి, తలంబ్రాలు, బంతి భోజనాలు. వీసీఆర్‌లోంచి కీచుమని చప్పుడు వస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని దాన్ని బతిమాలుకున్నాను. బ్యాండు వచ్చింది. చొక్కా చేతులు మడిచిన మనిషి వచ్చాడు. ఆడుతూ దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

మొహం కనిపించింది. చెంపలింకా నిండలేదు, మీసం సరిగ్గా రాలేదు. కెమెరాలోకి చూసి ఏం చేయాలో తెలియక నవ్వాడు. పదకొండు సెకన్లు అలా నవ్వి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ వెంటనే వీసీఆర్ టేపుని నమిలేసింది. ఇక అది తిరగదు. రికార్డు అయినదాన్ని సేవ్ చేసి, ఆ మొహం దగ్గరకి తెచ్చి ఆపాను.

ఈశ్వరి నోటికి పైట అడ్డం పెట్టుకుంది. లక్ష్మణమ్మ స్క్రీన్‌కి జానెడు దూరం వరకూ వచ్చి చూసింది.

“ఈడు కాదు,” అంది.

“ఇందాక ఆడే అన్నావు కదా లక్ష్మణమ్మా. భుజం చూసి చెప్పావు.”

“బుజం ఆడిదే బాబూ. మొకం ఆడిది కాదు. ఆడు పెద్దోడు. ఈడు పిల్లడు.”

ఈశ్వరి తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, అయ్యకి అప్పుడు ఇరవైరెండే. నాకు ఇప్పుడు ఇరవయ్యారు. అయ్య నాకన్నా సిన్నోడు.”

లక్ష్మణమ్మ మళ్లీ వంగి ఆ మొహాన్నే చూసింది. ఇరవయ్యేడేళ్లుగా ఆవిడ మనసులో ఆ మనిషికి కూడా తనతో పాటు తల నెరిసిందని నాకు అప్పుడు అర్థమైంది. మెల్లిగా ఆవిడ మొహం మారిపోయింది. గుర్తుపట్టింది.

“ఏటకి ఎల్లొద్దన్నాను ఆ దినం,” అంది, మాతో కాదు, స్క్రీన్‌తో. “గాలి బాగోనేదు, ఎల్లొద్దంటే ఇన్నేదు. నన్నూ కడుపులో పిల్లనీ ఒగ్గీసి ఎల్లిపోనాడని ఈడి మీద కోపం. ఏడాదికోపాలి ఈడి పేరున ముద్ద కూడా పెట్టనేదు నాను. ఈడి ఊసెత్తితే పిల్లని కొట్టీదాన్ని.”

చేతులు రెండూ చీరకి తుడుచుకుని కూతురి వైపు తిరిగింది.

“ఇంత పిల్లడని నాకు గేపకం నేదమ్మా,” అంది.