అయిదో నాడు

పెట్టె నిండాక, మూత కొట్టే ముందు, పై గడ్డి మీద నేనొక మామిడాకును రెండుగా మడిచి పెడతాను. మా షెడ్డులో కాయలు సర్దే ఆడవాళ్ళందరికీ ఒక్కో గుర్తు ఉంది. బుల్లెమ్మ పిన్ని గడ్డిపోచను ముడి వేస్తుంది. కనకమ్మ రెండాకులు పక్కపక్కనే పెడుతుంది. నాది మడిచిన ఆకు. దూరం వెళ్ళిన పెట్టెలో కాయలు కుళ్ళితే, సర్దిన చెయ్యి ఎవరిదో షావుకారికి తెలియాలి, అందుకు. బాగున్న పెట్టె ఎవరిదని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఏడు వేసవులుగా ఆ పని చేస్తూ కూడా నాకీ సంగతి తోచలేదు. మొన్న శనివారం తోచింది.

మా ఆయన సువర్ణరాజు నూజివీడులో ఒక ఆఫీసులో అటెండరు. ముసునూరు చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. గొంతు బాగుంటుంది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. పోయిన జనవరిలో విజయవాడ వెళ్ళి ఎనిమిది పాటలు పాడి వచ్చారు. అది క్యాసెట్ అయింది. అట్ట మీద ఆయన ఫోటో, వెనక మామిడి తోట, కింద ‘రచన, గానం: సువర్ణరాజు’. ప్రేమ పాటలు, ఎదురుచూసే పాటలు, రోజులు గడిచిపోయే పాటలు. పెళ్ళిళ్ళలో మైకులు పెట్టేవాళ్ళు కూడా కొన్నారు. చర్చి నుంచి వస్తుంటే ఆడవాళ్ళు నన్ను ఆపి, “అదృష్టవంతురాలివమ్మా లేయా, పెళ్ళయి ఏడేళ్ళయినా నీ మీద ఇంత బెంగ పెట్టుకున్నాడు” అనేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. ఆ ఎనిమిది పాటలూ నావి.

దొంగిలించారని అనలేను. నేనే ఇచ్చాను. పెళ్ళైన కొత్తలో నేను షెడ్డు నుంచి వచ్చి అంట్లు తోముకుంటూ ఏదో ఒకటి కట్టుకుని పాడుకుంటుంటే, ఆయన గడప మీద కూర్చుని, “ఆ లైను మళ్ళీ అను” అనేవారు. నా వైపు తిరిగి, నేను చెప్పేదాకా ఆగి, వినేవారు. మిగతా సమయంలో ఆయనకు నాతో ఉండే మాటలు చాలా తక్కువ. నీళ్ళు పెట్టావా. చొక్కా ఏది. అమ్మ మందు వేసుకుందా. అందుకని ఆయన నోట్‌బుక్ తెచ్చుకుని గడప మీద కూర్చున్న సాయంత్రాల కోసం నేను పాటలు కట్టడం మొదలుపెట్టాను. ఆయన ఇంట్లోనే ఉండగా ఆయన కోసం ఎదురుచూస్తున్నట్టు కట్టిన పాటలవి. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. అబ్బాయి అమ్మాయి కోసం ఎదురుచూస్తున్నట్టు మార్చి రాసుకున్నారు. మా అత్తగారు మగ్దలేనమ్మకు మొదటి నుంచీ అన్నీ తెలుసు. “పాటలు కనడం వచ్చు, బిడ్డల్ని కనడమే రాలేదు” అంటుంది కూరగాయలు తరుగుతూ, నాకు వినపడేలా, తనలో తను అనుకుంటున్నట్టు.

క్యాసెట్ మొదటిసారి విన్న రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ప్రాక్టీసు కోసమని ఆయన కొన్న టేప్‌రికార్డరు అలమరా మీద ఉంటుంది. మీట నొక్కి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ఆయన గొంతు గదంతా నిండిపోయింది. నువ్వు లేని పూట అన్నం సయించదంటున్నారు. నీ అడుగు వినపడితే చాలంటున్నారు. ఈ ఏడేళ్ళలో ఆయన నోటి నుంచి నేను వినాలనుకున్న మాటలన్నీ ఆ గంటలో విన్నాను. అన్నీ నేను రాసినవే. నేను ఉత్తరం రాసి, నేనే పోస్టులో వేసి, నేనే తలుపు తీసి అందుకున్నట్టు అనిపించింది. చేటలో బియ్యం ఏరడం అయిపోయింది, మళ్ళీ మొదటి నుంచి ఏరాను.

అందులో రెండో పాట ఇది:

గడ్డిలోన పెట్టిపోతివి, గంప మూత వేసిపోతివి
అయిదో నాడు తీస్తానంటివి, ఆకులన్నీ రాలిపోయెను

నేను కట్టింది అలా. ఆయన ‘మూడో నాడు’ అని పాడారు. నోట్‌బుక్‌లో మార్చినప్పుడే చెప్పాను. “అయిదో అంటే రాగం సాగిపోతోంది, మూడో అంటే సరిగ్గా పడుతుంది, ఎవరు పట్టించుకుంటార్లే” అన్నారు. మామిడికాయలు ఎప్పుడూ మాగవేయని మనిషి మాట అది. చిన్నరసాలు మంచి గడ్డిలో వేసినా అయిదో నాటికి గాని వాసన రాదు. మూడో నాడు మూత తీస్తే గాలి తగిలి కాయ అక్కడితో ఆగిపోతుంది. పైకి పసుపు తిరుగుతుంది, కొరికితే పులుపు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పట్టించుకోరనుకున్నారు గాని, కాయల కాలం రాగానే అందరూ పట్టించుకున్నారు.

మొన్న శనివారం షెడ్డులో గడ్డి పరుస్తుంటే బుల్లెమ్మ పిన్ని నా పక్కకు జరిగింది. అరవై దాటిన మనిషి. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోరు దాని పని అది చేస్తుంది.

“పిల్లా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. ఆ పాటలు నువ్వు కట్టావంట గదా.”

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “ఎవరు చెప్పారు పిన్నీ?”

“మీ ఆయనే చెప్పాడంట. నిన్న టీకొట్టు కాడ రైతులందరూ కూర్చుని ఆడుకున్నారంట ఆయన్ని. మూడో నాడు గడ్డి తీసే మొనగాడు వచ్చాడు, ఈ మొనగాడికి తోట కౌలుకిస్తే మనం పళ్ళు కాదు, పచ్చడి అమ్ముకోవాలి అని. ఆయనకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలవలేదంట. అప్పుడన్నాడంట, పాట నాది కాదండీ, మా ఆవిడ కట్టింది, ఆవిడే తప్పు చెప్పింది అని.”

కనకమ్మ పక్కనించి అంది, “లేయమ్మ మూడో నాడు అంటదా? ఏడేళ్ళ నుంచి గడ్డిలో చేతులు పెట్టిన మనిషి.”

“అదే నేనూ అన్నా. చెప్పినోడికి సిగ్గుండాలి గాని” అని బుల్లెమ్మ పిన్ని నా మొహం చూసి ఆగింది. “ఊరుకో, మగాళ్ళు అంతే. పెట్టె నింపు.”

పెట్టె నింపాను. పై గడ్డి పరిచాను. ఆకు మడిచి పెట్టబోయి, చేతిలో ఆకును చూశాను. పెళ్ళిళ్ళలో మైకు మోగినప్పుడు నా పేరు లేదు. అట్ట మీద లేదు. చర్చి ముందు ఆడవాళ్ళు పొగిడినప్పుడు లేదు. కాయ కుళ్ళిందనేసరికి మూత తీసి, మడిచిన ఆకు చూపించారు.

ఆ సాయంత్రం ఆయన తొందరగా వచ్చారు. చేతిలో కొత్త క్యాసెట్, ఖాళీది. టేప్‌రికార్డరు దింపి నా ముందు పెట్టారు.

“సోమవారం విజయవాడ వెళ్తున్నా. రెండో క్యాసెట్. నోట్‌బుక్‌లో నీవి ఇంకా ఏడు పాటలున్నాయి, ఒకటి తక్కువైంది. మొన్న బావి దగ్గర ఏదో అంటున్నావుగా, కొమ్మా కొమ్మా అని. అది ఇందులో పాడి పెట్టు. ఈ ఎర్రది, ఇదీ కలిపి నొక్కాలి. నేను విని నేర్చుకుంటా.”

“టీకొట్టు దగ్గర ఏమన్నారండీ?” అని అడిగాను.

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. “ఏదో నలుగురిలో ఉన్నప్పుడు అనేశా. నువ్వేమన్నా ఊళ్ళోకి వెళ్ళి పాడాలా, నీకు పోయేదేముంది? అయినా మనలో నీదేంటి, నాదేంటి. ఇంటాయన పేరుంటే ఇద్దరి పేరూ ఉన్నట్టేగా.”

“తప్పుకి కూడా ఇద్దరి పేరూ ఉండాలిగా.”

“ఇప్పుడు దీనికి గొడవెందుకు? పాడి పెట్టు” అని పెరట్లోకి వెళ్ళిపోయారు. వంటింట్లోంచి అత్తగారు, “మొగుడు పైకి వస్తుంటే మురుసుకోవాలి అమ్మాయ్” అంది.

నా మాట వినాలని ఆయన్ని గడప మీద కూర్చోబెట్టుకున్నది నేనే. ఇప్పుడు గడప మీద కూర్చునే పని కూడా లేకుండా ఖాళీ క్యాసెట్ కొని తెచ్చుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇల్లు మాత్రం ఒక్కసారిగా చాలా పెద్దదైనట్టు అనిపించింది.

ఆదివారం పొద్దున ఆయనా అత్తగారూ చర్చికి బయలుదేరారు. తలనొప్పిగా ఉందని చెప్పి నేను ఆగిపోయాను. పెళ్ళయ్యాక చర్చి మానడం అదే మొదటిసారి. గిన్నెలు అలాగే వదిలేసి, టేప్‌రికార్డరు ముందు కూర్చుని, రెండు మీటలూ కలిపి నొక్కాను. ఎవరూ వినని చోట పాడటం నాకు అలవాటే. ఎవరి కోసమూ కాకుండా పాడటమే కొత్త.

ఏడు కాపులు కాసిన కొమ్మా, ఎప్పుడైనా కూర్చున్నావా
ఎవరో వస్తారని ఒంగి ఒంగి, ఎవరిని చూస్తూ ఉన్నావా

అది అయ్యాక గడ్డి పాట పాడాను. అయిదో నాడు అనే పాడాను. రాగం కొంచెం సాగింది. సాగనిచ్చాను. ఎదురుచూసేవాళ్ళకు రోజు సాగుతుంది కదా, పాట కూడా సాగాలి. తర్వాత మొదటి క్యాసెట్‌లోని మిగతా ఏడూ, ఒకదాని వెంట ఒకటి, ఆయన మార్చకముందు ఎలా ఉన్నాయో అలాగే పాడాను. మధ్యలో కాకి అరిచింది, ఎవరో బాల్చీ దించారు, ఆ చప్పుళ్ళూ టేపులో పడ్డాయి. వెనక్కి తిప్పి విన్నప్పుడు నా గొంతు నేననుకున్నంత సన్నగా లేదు.

చర్చి నుంచి రాగానే ఆయన అడిగారు. “పాడావా? ఏది?”

“పాడాను. అది మీకు కాదండీ.”

“మరెవరికి?” ఆయన నిజంగా అర్థం కానట్టే అడిగారు. “రేపు స్టూడియోలో ఎనిమిదో పాట అడిగితే ఏం చెప్పను?”

“మీదొకటి కట్టుకోండి. మూడో నాడు అని పెట్టుకున్నా ఎవరూ నన్ను అడగరు.”

ఆయన నా వైపు చాలాసేపు చూశారు. నోట్‌బుక్ లేకుండా ఆయన నన్ను అంతసేపు చూడటం గుర్తులేదు. అత్తగారు కంచాలు పెట్టింది. ముగ్గురం అన్నం తిన్నాం. ఎవరి కంచం వాళ్ళు చూసుకుంటూ తిన్నాం.

ఈ పొద్దున ఆయన మొదటి బస్సుకి వెళ్ళిపోయారు. నేను షెడ్డుకి బయలుదేరుతున్నాను. నిన్న సాయంత్రం క్యాసెట్ సంగతి చెబితే, మధ్యాహ్నం అన్నాల వేళ విందామని కనకమ్మ వాళ్ళ తమ్ముడి టేప్‌రికార్డరు తెస్తానంది. క్యాసెట్ డబ్బా తెరిచి, పెరట్లో కోసిన మామిడాకును రెండుగా మడిచి, లోపల పెట్టి మూత వేశాను. కుళ్ళినా, పండినా, సర్దిన చెయ్యి నాది.