దోనా హెలోయిజా వేషం

జుసారా తన యజమానురాలు దోనా హెలోయిజా వేషం కట్టిందంటే అసలు దోనా హెలోయిజా వచ్చినా పక్కకు తప్పుకోవాల్సిందే. మరి ఎన్నేళ్ళ కొలువు ఆవిడ ఇంట్లో! సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ఎత్తైన మేడలోనే పని, బట్టలుతికే చోటు వెనక కిటికీ లేని గదిలో పడక. రెసీఫె నగరం ఇటు చివర కొండమీద తనకో ఇల్లుంది, అందులో పదమూడేళ్ళ కూతురు లువానా ఉంది. కానీ తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆదివారమే. మిగతా రోజులు పిల్లను కనిపెట్టుకుని ఉండేది జుసారా చెల్లెలు మర్లూసి.

ఆ మర్లూసికి పెళ్ళి కుదిరింది. వచ్చే నెల మొగుడితో ఎక్కడో దూరాన ఉన్న పెట్రోలీనా ఊరికి వెళ్ళిపోతుంది. ఇక రాత్రిళ్ళు ఆ ఇంట్లో పిల్ల ఒక్కతే. పని ముగించుకుని రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతానని అమ్మగారిని అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ నోరు పెగలాలిగా? ఆవిడ ఉత్త యజమానురాలైతే ఎలాగో అడిగేసేది. లువానా బాప్తిస్మానికి జ్ఞానతల్లిగా నిలబడింది కూడా ఆవిడే. ఏటేటా బడి బూట్లు కొనిచ్చేదీ ఆవిడే. అలాంటి మనిషికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో చెప్పాల్సొచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి తన గోడునంతా ఫుట్‌బాల్ క్లబ్బు షెడ్డులో కక్కేసింది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు నాటకమాడతారు. వాళ్ళ నాటకం తీరే వేరు. ఎవరో ఒకరి బాధే కథ, అది ఓటమితోనే ముగుస్తుంది. ఒకసారి చూపించాక మళ్ళీ మొదటినుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా "ఆగు" అని లేవొచ్చు. పనిమనిషి ఏప్రన్ తాము కట్టుకుని తమకు తోచినట్టు ప్రయత్నించొచ్చు. కట్టుబాట్లు మాత్రం గట్టివి. కథ ఎవరిదో వాళ్ళు తమ వేషం వేయకూడదు, తమను అణిచిపెట్టేవాళ్ళ వేషం వేయాలి. వాళ్ళ గుట్టు వీళ్ళకన్నా ఎవరికి తెలుసు? పైగా జాలిపడి తేలిగ్గా ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే షెడ్డంతా "గారడీ" అని గోలపెడుతుంది. గారడీతో గెలిచింది సోమవారం పొద్దున పనిలోకి వెళ్ళాక ఎందుకు పనికొస్తుంది చెప్పండి?

అలా జుసారా దోనా హెలోయిజా అయి కుర్చీలో కూర్చుంది.

మొదట లేచిన ఆవిడ బతిమాలుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జుసారా లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని, "నువ్వు మా ఇంట్లో మనిషివే కదే, ఇంట్లోవాళ్ళు ఎక్కడికి పోతారు?" అంది వెన్నపూస రాసినట్టు. ఆవిడ ఓడిపోయి ఏప్రన్ విప్పేసింది. ఇంకొకామె మండిపడి నాలుగు మాటలు దులిపేస్తే, జుసారా గోళ్ళు చూసుకుంటూ ఇంకో మనిషిని చూసుకుంటానంది. ఆమెదీ అదే దారి. కొండమీద పక్కింటి సెవెరీనాను కూడా పెద్దరికానికి దోనా అంటారు. నాలుగిళ్ళ ఉప్పు తిన్న ఆ మనిషి పనిగంటల చట్టం మాటెత్తింది. "నీకూ నాకూ మధ్య చట్టమా? పిల్లకు బూట్లు కొన్నప్పుడు చట్టం అడిగానా?" అంది జుసారా. షెడ్డు ఘొల్లున నవ్వింది. కూర్చుంటూ సెవెరీనా, దీని నాలుకను నిప్పుల్లో కాల్చాలి అని గొణిగింది.

ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు, ఓడుతున్నారు. పైకి నవ్వుతోందే గానీ జుసారాకు లోపల నీరసం వచ్చేస్తోంది. ఇంతమందికీ దారి దొరక్కపోతే తనొక్కతికి ఏం దొరుకుతుంది?

అప్పుడు వెనక బెంచీనుంచి "ఆగు" అని వినిపించింది. లేచింది లువానా.

పిల్ల వచ్చి ఏప్రన్ కట్టుకుంది, అది మోకాళ్ళ కిందికి జారింది. "అమ్మగారూ, సోమవారంనుంచి సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతాను. నా కూతురు ఒక్కతే ఉంటుంది," అంది.

"వెళ్ళు తల్లీ, వెళ్ళు," అనేసింది జుసారా.

"గారడీ" అని షెడ్డు దద్దరిల్లిపోయింది. నాటకం నడిపించే జెనివాల్ మామూలుగా మెతక మనిషి. ఆ రోజు మాత్రం జుసారాను కోప్పడ్డాడు. రేపు ఆ వంటింట్లో ఆవిడకి నీ కూతురి మొహం కనపడదు, మళ్ళీ ఆడు, నిజంగా ఆడు అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టారు. లువానా అదే మాట అంది. జుసారా కళ్ళు మూసుకుని, దోనా హెలోయిజా అయితే ఏమంటుందో ఆలోచించింది. కళ్ళు తెరిచేసరికి మాట దానంతటదే వచ్చేసింది. "అయ్యో, ఇంత చిన్న విషయానికా? పిల్లను ఇక్కడికే తెచ్చుకో. నీ గదిలో నీ పక్కన పడుకుంటుంది. బడినుంచి వచ్చాక వంటింట్లో చేతిసాయంగా కూడా ఉంటుంది."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అన్నది తనే అయినా జుసారాకే భయమేసింది. ఎందుకంటే ఆవిడ అచ్చం ఇలాగే అంటుంది, ప్రేమగా అంటుంది. తను కృతజ్ఞత చెప్పి మరీ ఒప్పుకుని ఉండేది.

లువానా తల్లి మొహంలోకి చూసింది. "నా కూతురు ఆ గదిలో పడుకోదు," అంది. జారిన ఏప్రన్ పైకి లాక్కుని, "ఇకనుంచి నేనూ పడుకోను," అంది.

జుసారా కుర్చీలోంచి లేచింది. దోనా హెలోయిజా దగ్గర ఇంకో మాట లేదు. ఎవరూ గారడీ అనలేదు.

మర్నాడు కాఫీ ఇస్తూ జుసారా అడిగేసింది. దోనా హెలోయిజా ఇంట్లో మనిషివంది, బూట్ల మాటెత్తింది, పిల్లను తెచ్చుకొమ్మంది. ప్రతి మాటకూ జుసారాకు ఆ మాట దగ్గర ఓడిపోయిన మనిషి మొహం గుర్తొచ్చింది. తను ఒంటరిగా నిలబడినట్టే అనిపించలేదు. లువానా చెప్పిన మాటే చెప్పింది.

అప్పుడు దోనా హెలోయిజా షెడ్డులో ఎవరూ ఊహించని మాట ఒకటి అంది. కాఫీ కప్పులోకి చూస్తూ, చాలా మెల్లగా అంది.

"రాత్రిళ్ళు ఒక్కదాన్నే ఎలా ఉండను, జుసారా? భయమేస్తుంది."

ఇన్నేళ్ళ నుంచీ ఆవిడ నడక, నవ్వు, దగ్గు అన్నీ తెలిసిన జుసారాకు ఆ భయం తెలియదు. నిజంగానే జాలేసింది. ఇదివరకైతే అక్కడే కరిగిపోయి, సరేలెండమ్మా అనేసేది.

"మా లువానా కూడా ఇదే అడుగుతోందమ్మా," అంది.

దోనా హెలోయిజా లేచి కప్పు తనే సింకులో పెట్టింది. వేరే ఉంటున్న కొడుకుకి ఫోన్ చేసి రాత్రిళ్ళకు ఏదో ఏర్పాటు చూసుకుంటానంది. పొద్దున్నే ఏడింటికల్లా వచ్చెయ్యి అని మాత్రం అంది. మొహం చూడలేదు, చిరునవ్వూ లేదు. ఫరవాలేదు, జుసారాకు అది చాలు.

ఆ సాయంత్రం వెలుగుండగానే జుసారా బస్సు దిగింది. కొండ మెట్లమీద దోనా సెవెరీనా చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. జుసారా ఆవిడ పక్కన కూర్చుంది. ఏదో చెప్పబోయి ఏడ్చేసింది.

"మీరంతా నా బదులు ఓడిపోయారక్కా. మీ రుణం నేనెలా తీర్చుకుంటాను?"

"తీర్చుకుందువుగానిలే. వచ్చే ఆదివారం నా కథ ఆడతారట, నువ్వొచ్చి ఓడిపో," అంది సెవెరీనా. "ముందు ఇంటికి నడు. చీకటి పడుతోంది, పిల్ల ఒక్కతే ఉంది."

మర్లూసి పెళ్ళి బట్టలకని బజారుకెళ్ళింది. ఇంట్లో లువానా కర్రపెండలం ఉడకబెడుతోంది. తల్లిని చూసి కుండలో ఇంకో రెండు ముక్కలు వేసింది. ఆ పూట వీధి తలుపు గడియ జుసారా తన చేత్తో లోపలినుంచి వేసింది.