నగోయాలో ఉండిపోయిన చెవిమూతలు

మా తాంగ్‌తాంగ్ బుద్ధిమంతురాలని జపానులో దిగిన రోజు నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. ఎనిమిది నెలల పిల్ల. పక్క గదిలో మేం ముగ్గురం గోడలు అదిరేలా వాయిస్తుంటే బుట్టలో పడి నిద్రపోయేది. "రాక్ బ్యాండులో పుట్టిన పిల్లంటే ఇట్లా ఉండాలి" అని లావన్న ఊరూరా గొప్పలు చెప్పేవాడు. లావన్న బేస్ గిటారు వాయిస్తాడు. అసలు పేరు జుంగ్‌షు. ఆ పేరు వాళ్ళమ్మ కూడా మరిచిపోయుంటుంది. మా ఆయన బోయెన్ గిటారు వాయిస్తూ పాడతాడు. డ్రమ్ములు నావి.

పాలు తాగే పిల్ల, వదిలి రాలేను. వెంట తెస్తే ఈ మోత. అందుకే తైవాన్‌లో మా ఊరు తైనాన్‌లో బయలుదేరేముందు మెత్తటి దూదివి, ఎర్రవి, చెవిమూతలు కొన్నాను. మేం వేదిక ఎక్కగానే పిల్లకి అవి పెట్టడం, దిగేదాకా చూసుకోవడం మురసెగారి పని. మా టూరు నడిపించే పెద్దాయన ఆయనే. అరవై దాటాయి. ఒకప్పుడు ఆయనా డ్రమ్ములే వాయించేవారట. తైపేలో కొన్నేళ్ళు ఉన్నారు కనక మా మాట వచ్చు.

మొత్తం తొమ్మిది ఊళ్ళు. నగోయా, కనజావా, తోయామా అయ్యాయి. దారి పొడుగునా మంచే. వ్యానులో గంటలకొద్దీ కూర్చుని, వేళకి పాలివ్వక నాకు రొమ్ములు గడ్డకట్టి ఒళ్ళు కాలుతోంది. అయినా వాయిస్తూనే ఉన్నాను.

నాలుగో ఊరు నీగాతా. హాలు ఒక బట్టల కొట్టు కింద నేలమాళిగ. మధ్యాహ్నం రెండింటికి సామాను దించుతుంటే మురసెగారు నన్ను పక్కకి పిలిచారు. టోపీ తీసి నడుం దాకా వంగారు. ఎంతకీ లేవలేదు.

"సుయున్‌గారూ, తప్పయిపోయింది. పాప చెవిమూతలు నగోయా హోటల్లో మరిచిపోయాను. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. కొందామంటే అంత చిన్నవి దొరకలేదు."

"నగోయాలోనా? మరి కనజావాలో?"

"ఉత్త చెవులతోనే ఉంది. తోయామాలో కూడా. చేతులతో మూద్దామనుకున్నాను. నిద్రలో ఉంది, కదిలిస్తే లేస్తుందని ఊరుకున్నాను. పసి చెవులకి ఏమైనా అయితే ఆ పాపం నాదే."

తోయామాలో వేదిక వెనక మా గదికి తలుపే లేదు. ఒక తెర, తెర అవతల స్పీకరు. కచేరీకి ముందు హాల్లో వేసిన పాటలకే బల్ల మీది గ్లాసుల్లో నీళ్ళు వణుకుతుంటే మేమే చూసి నవ్వుకున్నాం.

"అక్కడ నిద్రపోయిందా?" అన్నాను.

"హాయిగా పోయింది. ఒక్కసారి కూడా లేవలేదు."

ఆయన ఇంకా వంగే ఉన్నారు. తన తప్పొక్కటే ఆయనకి కనిపిస్తోంది. తనేం చెప్పారో ఆయనకి తెలియలేదు. నాకు తెలిసింది. చేతిలో ఉన్న స్టాండు కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాను.

బోయెన్‌కి పిల్ల చెవులు పనిచెయ్యట్లేదేమో అని చెబితే విసుక్కున్నాడు. "నీకు రోజుకో జబ్బు కావాలే. మొన్న కాళ్ళు వంకరన్నావు. అంతకుముందు పళ్ళు రావట్లేదన్నావు."

"నేను వాయిస్తే కనజావాలో జనమే నిద్రపోయారు అమ్మాయ్, పసిదానికేం" అన్నాడు లావన్న.

"లావన్నా, ఇవాళ నవ్వించకు" అన్నాను.

వేదిక సిద్ధమైంది. కచేరీకి ముందు ఒక్కో డ్రమ్మునీ విడిగా కొట్టి సౌండు సరిచూడటం ఎక్కడైనా ఉండేదే. పిల్ల బుట్టని తెచ్చి వేదిక మీదే, నా ఎదురుగా పెట్టించాను. సౌండు చూసే అమ్మాయి అద్దం వెనక నుంచి పెద్ద డ్రమ్ము అడిగింది. కాలితో కొట్టాను. పిల్ల కళ్ళు విప్పింది. రెండోసారి కొడితే చేతులాడించింది.

"చూడు, లేచింది కదా" అన్నాడు బోయెన్. అతని మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. అప్పటిదాకా అతనూ భయపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

కానీ అది చెక్క వేదిక. పెద్ద డ్రమ్ము అదురు మడమల్లోంచి నడుం దాకా ఎక్కుతుంది. పదేళ్ళుగా దాని వెనక కూర్చున్నదాన్ని, నాకు తెలీదా.

"మురసెగారూ, ఎత్తుకుని కిందకి దిగండి. సిమెంటు నేల మీద నిలబడండి. దాని వీపు నా వైపు ఉండాలి."

ఆయన అలాగే నిలబడ్డారు. నా ముందున్న చిన్న డ్రమ్ముని ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. తుపాకి పేలినట్టు వచ్చింది. లావన్న చెవులు మూసుకున్నాడు. మురసెగారి భుజాలు ఎగిరిపడ్డాయి. ఆయన ఎందుకు ఉలిక్కిపడ్డారోనని పిల్ల ఆయన మొహంలోకి చూసింది. నా వైపు తిరగలేదు.

రెండోసారి ఆయన బిగబట్టుకుని నిలబడ్డారు, కదల్లేదు. పిల్ల ఆయన కోటు గుండీ పట్టుకుని లాగుతోంది. మళ్ళీ కొట్టాను. గుండీ నోట్లో పెట్టుకుంది.

బోయెన్ దిగి వెళ్ళి పిల్ల వెనక నిలబడ్డాడు. తాంగ్‌తాంగ్ అని పిలిచాడు. మామూలు గొంతుతో, తర్వాత పాటల్లో అరిచే గొంతుతో. తర్వాత పిలవలేదు.

వేదిక దగ్గరకొచ్చి అంచు మీద చెయ్యి పెట్టాడు. "పుట్టినప్పుడు చెవుల పరీక్ష చేశారు కదా. బాగుందన్నావు."

"వాళ్ళు బాగుందనలేదు. చెవుల్లో ఉమ్మనీరు మిగిలుంటుంది, నెల పోయాక మళ్ళీ తీసుకురండి అని నర్సు చీటీ ఇచ్చింది. దాన్నిండా పెద్ద పెద్ద మాటలు. అడిగితే ఇది కూడా తెలీదా అంటుందని అడగలేదు. నెల తర్వాత మన పాటల రికార్డింగు మొదలైంది. పిల్ల నిద్రపోతోంది కదా, బాగానే ఉందనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రికార్డింగు ఆపేవాడివా?"

కోప్పడతాడనుకున్నాను. వేదిక అంచు మీది చెయ్యి తీసేశాడు. "ఆపేవాణ్ణి కాదు" అన్నాడు.

లావన్న మా ఇద్దరికీ వీపు తిప్పి, శ్రుతిలోనే ఉన్న బేస్‌ని మళ్ళీ శ్రుతి చేసుకుంటున్నాడు.

"రేపు మొదటి విమానానికి దాన్ని తీసుకుని వెళ్ళిపోతా" అన్నాను.

"ఇంకా అయిదు ఊళ్ళు ఉన్నాయి సుయున్. ఎనిమిది నెలలు కానిది పది రోజుల్లో ఏమవుతుంది?"

"అదే మాట ఎనిమిది నెలలుగా అనుకున్నా."

మురసెగారు కిందనుంచే, మెల్లగా, "ఇవాళ్టిది కూడా ఆపేద్దాం. జనానికి నేను క్షమాపణ చెబుతాను" అన్నారు.

"విమానం రేపే కదా. ఇవాళ వాయిస్తాను" అన్నాను. వాయించకపోతే తెల్లారేదాకా హోటలు గదిలో దాని మొహం చూస్తూ కూర్చోవాలి. నా వల్ల కాదు.

అద్దం వెనక అమ్మాయికి ఇవేమీ తెలీదు. అన్నీ కలిపి కొట్టమంది. కొట్టాను. చేతులు వాటంతటవే కదిలాయి. జ్వరంతో కళ్ళు మసకలు కమ్ముతుంటే మురసెగారి వైపు చూశాను. పిల్ల నోరంతా తెరిచి ఉంది. మొహం కందిపోయింది. పాలకి ఏడుస్తోంది. ఎంతసేపయిందో తెలీదు. ఆ మోతలో దాని ఏడుపు నాకు వినబడనే లేదు.