రాగి కాని కేబుళ్లు

కేబుల్ కాస్త పొడవెక్కువైంది. పొట్టి చేద్దామని కత్తిరించిన ఆమెకు ఒళ్లు మండిపోయింది. తీగ చివర తెల్లగా మెరుస్తోంది. బ్లేడుతో గీకింది. పైన రాగి పూత, లోపలంతా అల్యూమినియం.

రాత్రింబవళ్లు లెక్కలు కట్టి క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ యంత్రాలకు పవర్ సప్లై కిట్లు కట్టి అమ్మడం వాళ్ల పని. పాత సర్వర్లలోంచి తీసిన పవర్ సప్లై, దానికో బోర్డు, బోర్డు నుంచి యంత్రానికి కరెంటు మోసే కేబుళ్లు. ఆ కేబుళ్లు అచ్చమైన రాగివి కాకపోతే వేడెక్కి కరుగుతాయి. ఆ తర్వాత మంటే.

కేబుళ్లు కొనేది తమ్ముడు. వాటితో కట్టిన కిట్లు బిగించడానికి భర్త పొద్దున్నే, అవి కొన్న ఓనరు మైనింగ్ షెడ్డుకు వెళ్లాడు.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఊహూఁ. వందల ఫ్యాన్ల హోరులో అక్కడ ఎవరికీ ఏదీ వినపడదు. చెవుల్లో దూది కుక్కుకుని పనిచేస్తారు.

తమ్ముణ్ణి కాలరు పట్టుకుని వ్యాన్ ఎక్కించింది.

"అక్కా, నెమ్మదిగా పోనీవే. ఎవర్నైనా గుద్దేస్తావ్."

"నోర్ముయ్. ఎప్పట్నుంచి తెస్తున్నావురా ఈ చెత్త?"

"అందరూ ఇవే వాడుతున్నారు. లావుపాటివే తెచ్చాగా."

"లావుగా ఉంటే చాలా? నీ బుర్రా లావుగానే ఉంది, ఏం లాభం?"

"ఏమీ కాదులే. ప్రతిదానికీ నువ్వు..."

"మీ బావ లోపలున్నాడ్రా!"

తమ్ముడు కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డొచ్చాడు. "ఓనరు గారు రావాలమ్మా."

"ఆయనొచ్చేసరికి బూడిదే మిగులుతుంది. తప్పుకో."

తోసుకుని లోపలికి దూసుకుపోయింది. వేడి మొహాన కొట్టింది. దాంతోపాటే ప్లాస్టిక్ కమురు వాసన. యంత్రాల వరసల మధ్య భర్త కనిపించలేదు. ఆమె అరిచిన అరుపు ఆమెకే వినపడలేదు. గోడకున్న మెయిన్ స్విచ్‌ను రెండు చేతులతో కిందికి లాగేసింది.

హోరు ఆగింది.

"ఎవడ్రా ఆపింది?" చివరి వరస వెనక నుంచి భర్త గొంతు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తింది, వెనకే తమ్ముడు. భర్త చేతిలో సగం కరిగిన కేబుల్. కాళ్ల దగ్గర మంటలార్పే సిలిండర్.

"అవి రాగివి కావండీ. వీడు మనల్ని నిలువునా ముంచేశాడు!"

భర్త తమ్ముడి వైపు గుర్రుగా చూశాడు. "వాగేశావా?"

"నేను చెప్పలేదు బావా! తనే కోసి చూసింది."

ఆమె సిలిండర్ కేసి చూసింది. ఆ సిలిండర్ తమ వర్క్‌షాపుది. పొద్దున బయల్దేరేటప్పుడే వెంట తెచ్చుకున్నాడన్నమాట.

"మీకు తెలుసా?"

"తెలుసు కాబట్టే దగ్గరుండి చూసుకుంటున్నా. కరిగినవి మార్చేస్తాను. ఓనరు వచ్చేలోపు స్విచ్ వెయ్యి."

"మీరు ఇంటికొచ్చేశాక ఎవరు చూసుకుంటారు? ఆ వాచ్‌మనా? రాత్రిళ్లు ఇక్కడే పడుకుంటాడు కదా!"

"వ్యాపారం నీకు తెలీదు. ఊరుకో."

"మీకేమైపోతుందోనని దారంతా చచ్చాను. అందుకు సిగ్గేస్తోంది నాకు."

బయట కారు ఆగింది. ఓనరు విసవిసా లోపలికొచ్చాడు. "కరెంటు ఎవరు తీశారు?"

"ఫ్యూజు పోయిందండీ. రెండే రెండు నిమిషాలు," భర్త నవ్వు పులుముకున్నాడు. పక్కనే ఉన్న ఆమె మోచెయ్యి నొక్కిపట్టాడు.

ఆమె విదిలించుకుంది.

"నేనే తీశానండీ. మా కేబుళ్లు నకిలీవి. తెలిసే బిగించారు వీళ్లిద్దరూ. ఒక్క కిట్ కూడా ఉంచకండి, అన్నీ పీకించెయ్యండి. వీళ్లచేతే."