పేరు పెట్టి దులపండి

ఆదివారం ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టి, మా ఆయన తనను తాను మడతపెట్టుకుంటారు.

చొక్కా విప్పరు. ఒక చేత్తో భుజం దగ్గర చిటికెడు గుడ్డ, రెండో చేత్తో నడుము దగ్గర ఇంకో చిటికెడు పట్టుకుని, చేతులు మెలితిప్పి ఒక్క విదిలింపు విదిలిస్తారు. అంతే, కుర్చీలో నీలం గళ్ళ చొక్కా ఒకటి ఉంటుంది, కొత్తగా కొట్లోంచి తెచ్చినంత చక్కగా. ఆయన అందులో ఉన్నారు. లుంగీ మాత్రం నేల మీద ఉండిపోతుంది.

"ఇదిగో," అంటుంది చొక్కా జేబు. "ఫ్యాను ఆపు. ఎగిరిపోతాను."

ఫ్యాను ఆపుతాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆయనకి ఫోనులో వీడియోల పిచ్చి. థర్మకోల్ పెట్టెతో కూలర్ చేశారు. అది నిన్నటి గాలి విసురుతుంది కాబట్టి మా హాల్లో ఎప్పుడూ నిన్నటి కూర వాసనే. బొప్పాయి కాడతో ఈల వేయడం నేర్చుకున్నారు. అది వినబడితే వీధిలో చెప్పులన్నీ నడిచొచ్చి మా గుమ్మం ముందు వరసగా నిలబడతాయి. వాటిని మోసుకెళ్ళి ఎవరివి వాళ్ళకి పంచేది నేను. కోటి విద్యలూ కూటి కోసమే అంటారు గానీ, మా ఇంట్లో విద్యలన్నీ నా ప్రాణం మీదికే. అందుకే చిటికెలో చొక్కా మడతపెట్టడం నేర్చుకున్నారంటే, ఒక్కటైనా పనికొచ్చేది పట్టారని సంతోషించాను.

"మళ్ళీ విప్పుకోవడం ఎలాగండీ?" అంటాను.

"అది వీడియోలో ఆవిడ చెబుతుంది."

"మీరు చూశారా?"

"ఆవిడ కబుర్లు మొదలెట్టినప్పుడల్లా ముందుకి జరిపేశాను," అంటుంది జేబు. గొంతు అప్పుడే కాస్త పలచబడింది. నాకు భయం వేస్తుంది.

మా ఇంట్లో సిగ్నల్ వచ్చేది వీధి మెట్ల మీద. నేను ఫోను తీసుకెళ్ళి కింది మెట్టు మీద కూర్చుంటాను. చొక్కాని కుర్చీలోనే ఉంచుతాను, వీధిలో దుమ్ము కదా అని. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

"హాయ్ అండీ, అందరూ బావున్నారా?" అంటుంది వీడియోలో ఆవిడ. "మేమైతే చాలా బావున్నాం."

ఆవిడ బావున్నాం అనగానే నా కింద ఇంకో మెట్టు పుడుతుంది. ఆవిడ పొద్దున్న వండిన పెసరట్ల గురించి చెబుతుంది. మెట్లు పెరుగుతాయి. మేనత్త గారి గృహప్రవేశం దగ్గరికి వచ్చేసరికి వీధి ఎక్కడో కిందికి పోయింది, పాల ప్యాకెట్ల బండి గోరంత కనబడుతోంది. నేను ఒక్క మాట కూడా ముందుకి జరపను.

కింద నుంచి ఒక కేక వినబడుతుంది. "పాత బట్టలకి స్టీలు సామాన్లమ్మా!"

అది నూకాలు. పాత బట్టలు పుచ్చుకుని గిన్నెలిచ్చే మనిషి, ఆదివారం ఆదివారం వస్తుంది. నేను లేచి నిలబడతాను. సరిగ్గా అప్పుడే వీడియోలో ఆవిడ కొంగు సర్దుకుని, "ఇప్పుడు అసలు సంగతి వినండి," అంటుంది.

నేను కూర్చుంటాను. ఒక చెవి ఫోనుకిస్తాను, ఒక చెవి కిందికిస్తాను.

"ఒంటి మీదున్న బట్ట మడతపెట్టకండి," అంటుంది ఆవిడ.

"కాలరు చిరగలేదు చూడు. ఈ బేసిను ఇచ్చెయ్యి," అంటున్నారు కింద మా అత్తయ్యగారు.

"పొరపాటున పెట్టేశారనుకోండి, పేరు పెట్టి పిలిచి దులపండి. పేరు లేకుండా దులిపితే ఉట్టి చొక్కాయే వస్తుంది."

"మూత కూడా ఇయ్యవే, పిసినారీ."

"బరువు కింద మాత్రం పెట్టకండి. మడత గట్టిపడిపోతే ఇంక మనిషి రాడు. సరే అండీ, బెల్లు గుర్తు నొక్కడం మర్చిపోకండి."

నేను మెట్లు దిగుతాను. అవి దిగుతున్నకొద్దీ ఉన్నాయి. ఇంట్లోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అత్తయ్యగారు బేసినులో నీళ్ళు పోసి ఎక్కడైనా కారుతుందేమోనని చూస్తున్నారు.

"అత్తయ్యగారూ, ఆ చొక్కాలో మీ అబ్బాయి ఉన్నారు."

ఆవిడ నీళ్ళు పారబోస్తారు. "తాతబ్బాయా? నాకు చెప్పొద్దటే?" అని బేసిను చంకన పెట్టుకుని వీధిలోకి నడుస్తారు. "పద. నూకాలు రైలుకి వెళ్ళిపోద్ది."

ఒక మాట చెప్పాలి. మా ఆయనకి వాళ్ళ తాతగారి పేరు పెట్టారు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు కాబట్టి అత్తయ్యగారు కన్నకొడుకుని తాతబ్బాయ్ అంటారు. మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదు కాబట్టి నేను ఏవండీ అంటాను. ఆయన నన్ను ఇదిగో అంటారు. మా ఇంటికొచ్చి ఆయన పేరు పైకి పలికేది పోస్టుమాన్ ఒక్కడే. ఇవాళ ఆదివారం.

సామర్లకోట స్టేషన్లో ప్యాసింజరు ఆగి ఉంది. నూకాలు ప్లాట్‌ఫాం ఆ చివర బట్టల మూట మీద కూర్చుని, అరటిపండు తింటోంది. ఆవిడ బరువంతా మూట మీదే ఉంది. నేను పరిగెడతాను. పరిగెత్తినకొద్దీ ప్లాట్‌ఫాం సాగుతుంది, టీ కొట్టు దాటితే మళ్ళీ అదే టీ కొట్టు వస్తుంది. నాకు ఏడుపొస్తోంది. ఎంత విసిగించినా, తిట్టుకోవడానికైనా మనిషంటూ ఉండాలి కదా.

"ఆగవే," అంటారు అత్తయ్యగారు. వంగి, ప్లాట్‌ఫాం అంచు ఇక్కడ చిటికెడు, అక్కడ చిటికెడు పట్టుకుని, చేతులు మెలితిప్పి విదిలిస్తారు. టీ కొట్లన్నీ ఒకదాని మీద ఒకటి మడత పడతాయి. నూకాలు మా ఎదురుగా ఉంది.

"మీకెలా వచ్చండీ ఇది?"

"వాడు నేర్చుకుంటుంటే చూడలేదేంటి," అంటారు ఆవిడ.

నేను నూకాల్ని మూట మీద నుంచి లేపుతాను. మూట వెచ్చగా ఉంది.

"ఆయ్, మార్చుకున్నాక నాదేనండి," అంటుంది నూకాలు.

"అందులో మా ఆయన ఉన్నారు."

"అందరి ఆయనలూ ఉన్నారండి. ఊళ్ళో మగోళ్ళంతా ఆ వీడియోయే చూశారు. మీ ఆయన ఏదో చెప్పండి, ఇచ్చేస్తాను. నాకూ పిల్లలున్నారు."

మూట విప్పుతుంది. అన్నీ మడత చొక్కాలే. నీలం గళ్ళవే ఎన్నో ఉన్నాయి.

"ఏవండీ," అని పిలుస్తాను.

"ఆఁ, వస్తున్నా," అంటుంది మూటంతా. సన్న గొంతులు, బొంగురు గొంతులు, ఒక దగ్గు. ఏ ఒక్కటీ కదలదు.

"తాతబ్బాయ్," అంటారు అత్తయ్యగారు. నాలుగైదు జేబులు పలుకుతాయి. మా వైపు మామగార్లందరూ పేర్లు మనవలకి ఇచ్చిపోయినవాళ్ళే. అత్తయ్యగారు ఆత్రంగా ఒకదాన్ని అందుకుని దులపబోతే నూకాలు చెయ్యి పట్టుకుంటుంది.

"పేరెట్టకుండా దులపకండమ్మా. ఎవరింట్లో వాళ్ళో."

రైలు కూత వేస్తుంది. చొక్కాల్లో గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. మడతలు గీతల్లా పదునెక్కుతున్నాయి, చూస్తుండగానే.

"మీరు పిలవండి అత్తయ్యగారూ. కన్నతల్లి కదా."

"మా మామగారి పేరే అది! కళ్ళు పోతాయి. నువ్వు పిలువు."

నేను నోరు తెరుస్తాను. పెళ్ళయి గడప దాటేటప్పుడు ఆడపడుచులు తలుపుకి అడ్డం నిలబడి పేరు చెప్పమంటే, మీ అన్నయ్య అని చెప్పి పక్కనుంచి దూరిపోయాను. అప్పుడు దాటని గడప ఇప్పుడు నా పళ్ళ వెనకాల ఉంది. నాలుక దానికి కొట్టుకుంటోంది. గార్డు పచ్చజెండా తీస్తున్నాడు.

"త్రి..." అంటాను. పళ్ళు నొప్పి పెడుతున్నాయి. "త్రిమూర్తులూ!"

అత్తయ్యగారు గబుక్కున తల మీద కొంగు కప్పుకుంటారు.

మూట అడుగు నుంచి, చాలా పలచగా, "ఆఁ," అని వినబడుతుంది. నేను చెయ్యి పెట్టి ఆ చొక్కా లాగుతాను. భుజం దగ్గర, నడుము దగ్గర పట్టుకుని దులుపుతాను.

ఒక చెయ్యి విడుతుంది. రెండో చెయ్యి విడుతుంది. బనీను, మెడ. అది ఆగదు. మడత కింద మడత ఉంది. ఆయన పట్టాల మీదుగా, గూడ్సు షెడ్డు మీదుగా, చెరుకు తోటల మీదుగా విచ్చుకుంటూ పోతున్నారు. రైలు ఆయన దాటేదాకా ఆగుతుంది. నేను చొక్కా చేతి అంచు పట్టుకుని నిలబడతాను. ఆయన మొహం ఎక్కడో కనబడనంత దూరంలో ఉంది.

అంత దూరం నుంచి ఇదిగో అంటే నాకు అందదు. ఆ సంగతి ఆయనకీ అర్థమవుతుంది.

"తాయారూ," అని వినబడుతుంది. "మంగతాయారూ!"

నా భుజం దగ్గర ఏదో టక్కున వదులవుతుంది. నేనూ మడతలో ఉన్నానని నాకు ఇప్పటిదాకా తెలియదు. వీపు వెనక నుంచి ఒక పొర విచ్చుకుంటుంది. దాని లోపల రంగు వెలవలేదు. లేత అరటాకు పచ్చ, నా పద్నాలుగో ఏట నేనున్న రంగు. నేను సంతోషంతో వణుకుతున్నాను. బెంచీల మీదుగా, ఓవర్‌బ్రిడ్జి మీదుగా పరుచుకుంటూ ఆయన వైపు వెళుతున్నాను.

"ఆగవే అమ్మాయ్," అంటారు అత్తయ్యగారు.

ఆవిడ ప్లాట్‌ఫాం మీద బేసిను చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. పొట్టిగా, అంచుకి అంచు సరిపోయి, ఏ మూలా బయటికి రాకుండా. అంత పొందికైన మడత నేనెక్కడా చూడలేదు.

"నా పేరేమిటే?" అంటారు.

నాకు తెలియదు. నూకాలికీ తెలియదు. అక్కడ దూరంగా ఆయన్ని అడిగితే, "అమ్మ," అంటారు.

అత్తయ్యగారు బేసిను బోర్లించి దాని మీద కూర్చుంటారు. తల మీద కొంగు తీసేసి, తన భుజం దగ్గర తనే చిటికెడు పట్టుకుంటారు. "సుభద్రా," అని పిలిచి కాసేపు చూస్తారు. "వెంకాయమ్మా," అంటారు. "సూరీడూ." ఒక్కో పేరు పిలిచి, ఒళ్ళు దులుపుకోకుండా ఆగి, లోపలి నుంచి ఎవరైనా పలుకుతారేమోనని చెవి పెట్టి వింటారు.

"మాణిక్యం," అంటారు.

ఆవిడ ఎడమచేతి చిటికెన వేలు మెల్లగా విడుతుంది. లోపల అంతా కనకాంబరం రంగు.