సరంగు విన్న ఈల

యోకొహామా నుంచి ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు కురాయిషి తోకుజో ఇంటి అరుగు మీద కూర్చుని పాత తాడుకు ముడులు విప్పుతున్నాడు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. తూర (ట్యూనా) చేపల ఓడలో పని చేసిన రోజుల్లో వాటిని గాలాల తాడు తెంపుకుపోయింది. ఓడ మీద పనివాళ్లకు మేస్త్రీగా చేసినందుకు యాయిజు రేవులో అతన్ని ఇప్పటికీ అందరూ సరంగనే పిలుస్తారు.

ఆమె పేరు హతానో తమాకి. ముప్పై దాటి ఉంటాయి. చేతిలో నోటు పుస్తకం, బూట్ల నిండా చేపల మార్కెట్టు బురద.

"సముద్రం మీద వీడియో గేములు చేస్తామండీ. దక్షిణ పవనం అని. రెండు భాగాలు వచ్చాయి, ఇప్పుడు మూడోది రాస్తున్నాను. ఐదొందల ఏళ్ల కిందటి తెరచాప ఓడలు, మిరియాల వ్యాపారం, కొత్త దీవులు కనిపెట్టడం..."

"ఐదొందల ఏళ్ల కిందటా? మరీ అంత ముసలాడిలా కనబడుతున్నానా అమ్మాయ్?"

తమాకి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది. "ఓడలు మారాయి గానీ ఓడలో మనిషి మారడు కదండీ. మా గేములో నావికులు ఒట్టి అంకెలు. ఎనభై మంది బయల్దేరతారు, తుఫానొస్తే అరవై అవుతారు. ఆ పోయిన ఇరవై మంది ఎవరో ఆడేవాళ్లకి తెలీదు, చేసిన మాకూ తెలీదు. అది నాకు నచ్చట్లేదు."

తోకుజో తాడు పక్కన పడేసి లోపలికి రమ్మన్నాడు.

ఆ చలికాలంలో ఆమె ఐదుసార్లు వచ్చింది. ట్యాంకులో నీళ్లు నలభై రోజులకు ఎలా వాసన వేస్తాయో, వంటవాడి పిసినారితనం ఎలా ఉండేదో, ఇంటి నుంచి వచ్చిన ఒక్క ఉత్తరం కోసం ఇద్దరు కత్తులెలా దూసుకున్నారో అతను చెబుతుంటే ఆమె గబగబా రాసుకునేది. తోకుజో భార్య ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఇన్ని మాటలు ఆమె వినలేదు.

ఐదోసారి ఫిబ్రవరి వాన. భార్య అక్కగారింటికి వెళ్లింది. తమాకి కలం మూత పెట్టబోతూ, "మీ ఓడలో ఎవరైనా పోయారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న తోకుజోని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఊళ్లో అందరికీ తెలిసిందే గనక అడిగే పని లేదు. 1967 జూన్‌లో, అక్కడి చలికాలంలో, ఆఫ్రికా దక్షిణపు కొనకు తూర్పున, నిషియో షోహే అనే ఇరవై రెండేళ్లవాణ్ణి అల ఎత్తుకుపోయింది. ఓడ మూడు రోజులు వెతికింది, దొరకలేదు. ఓడ పుస్తకంలో అలాగే ఉంది. పదహారు మంది సంతకాలు పెట్టారు.

"మూడు గంటలు" అన్నాడు తోకుజో.

"ఏంటండీ?"

"వెతికింది మూడు గంటలు. మూడు రోజులు కాదు."

ఆ తర్వాత ఆగలేకపోయాడు. వెనక ఎనభై కిలోమీటర్ల గాలాల తాడు, దాని నిండా చేపలు, నీళ్లలో కొట్టుకుపోతోంది. గాలి ముదురుతోంది. మూడో గంట గడిచాక కెప్టెన్ ఇగరాషి చుక్కాని గది తలుపు తీసి, బయట రైలింగ్ పట్టుకుని నిలబడ్డ తోకుజోని అడిగాడు: సరంగూ, ఏమైనా వినబడిందా?

"వినబడింది. షోహే మెడలో రేకు ఈల ఉండేది, ఎర్ర దారానికి కట్టింది. వాడు ఊదుతున్నాడు. నేను మాత్రం గాలి అన్నాను."

తమాకి రాయడం ఎప్పుడో మానేసింది. "ఎందుకండీ?"

"మూడు రోజులుగా నిద్ర లేదు. అలకు అడ్డంగా ఓడని ఇంకోసారి తిప్పితే బోర్లా పడుతుందేమోనని భయం. చేపలూ ఉన్నాయి. అన్నీ కలిసి ఆ ఒక్క మాటై వచ్చాయి. ఇప్పటికీ అందులో భయం ఎంతో, చేప ఎంతో విడదీయలేను."

ఆమె రైలుకు బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "పేర్లు రాయకు" అని మాత్రం అన్నాడు.

మరుసటి వసంతంలో గేము విడుదలైంది. యాయిజు సరంగు జ్ఞాపకాలతో తయారైందని జిల్లా పత్రిక అతని ఫొటో వేసింది. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని కత్తిరించి గోడకు అంటించారు. "మన సరంగు టీవీలోకెక్కాడ్రా, ఇక మనతో మాట్లాడతాడా?" అని రేవులో ఆటపట్టించారు. అతనూ నవ్వాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం షోహే చెల్లెలు మిచియో వచ్చింది. చేపల వేలంలో పద్దులు చూసే మనిషి, గొంతు రేవు చివరకు వినబడుతుంది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా మాట్లాడింది.

"సరంగు బాబాయ్, ఒకసారి మా ఇంటికి రా."

"అమ్మకేమైనా అయిందా?"

"అమ్మ మోకాలికి కరెంటు పెట్టించుకోడానికి ఆసుపత్రికెళ్లింది. నువ్వు రా."

వాళ్లింట్లో టీవీ ముందు గేము పెట్టె ఉంది. చాప మీద చేతితో గీసుకున్న సముద్రపటాలు, పెన్సిలు ముక్కలు. నలభై నాలుగేళ్ల మిచియో వాటిని కాలితో పక్కకు నెట్టి అతనికి చోటు చూపించింది.

"పేపర్లో నీ ఫొటో చూసి కొన్నా. అన్నయ్య చూసిన సముద్రం ఎలా ఉంటుందో చూద్దామని. ఇలాంటివి ఎప్పుడూ ఆడలేదు, మొదట్లో రేవు దాటకుండానే మునిగిపోయేదాన్ని. రెండు నెలలు పట్టింది. లిస్బన్ నుంచి మిరియాలూ లవంగాలూ అంటూ తిరిగి, మొన్న ఆదివారం ఆఫ్రికా కొన దాటా."

తెర మీద చీకటి సముద్రం, మధ్యలో అరచేతిలో పట్టేంత ఓడ. కింద అక్షరాలు వచ్చాయి. అతను కళ్లజోడు తెచ్చుకోలేదు. మిచియో చదివింది.

"ఎర్ర దారానికి రేకు ఈల కట్టుకున్న కుర్రాణ్ణి అల లాక్కుపోయింది. కెప్టెన్ అడిగాడు: సరంగూ, ఏమైనా వినబడిందా?" ఆగి అతని వైపు చూసింది. "కింద రెండు జవాబులున్నాయి. వినబడింది, గాలి."

తోకుజో తెరకు దగ్గరగా జరిగాడు.

"ఆ దారం నా జడది బాబాయ్. ఈల మా స్కూలు ఆటల పోటీల్లో ఇచ్చింది. ఓడ కదిలే ముందు నేనే అన్నయ్య మెడలో వేశా. యోకొహామాలో కూర్చున్నవాళ్లకి ఇది ఎలా తెలిసింది?"

నావికులందరికీ ఈలలుంటాయమ్మా అనొచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"నేనే చెప్పాను" అన్నాడు.

మిచియో తల ఊపింది. "రెండూ నొక్కి చూశాన్లే. వినబడింది అంటే ఓడ వెనక్కి తిరుగుతుంది. తెరచాప చిరుగుతుంది, ఇద్దరికి చేతులు విరుగుతాయి. వాడు మాత్రం దొరుకుతాడు. ఆ తర్వాత ప్రతి రేవులో మన వెంటే తిరుగుతాడు, పిచ్చి జోకులేస్తాడు. గాలి అంటే ఏమీ అవదు. ఓడ ముందుకెళ్తుంది, అంతే. నువ్వేమన్నావు?"

"గాలి అన్నాను."

గేములో అలల చప్పుడు వినబడుతూనే ఉంది.

"ఎంతసేపు ఊదాడు?"

"మొదట ఆపకుండా. తర్వాత మూడేసి సార్లు, ఆగి ఆగి. నేను గాలి అన్నాక కూడా, మేం తాడు దగ్గరకు చేరేదాకా వినబడింది. ఒక అరగంట."

తోకుజో ముందుకు వంగి నుదురు చాపకు ఆనించాడు.

"లే. నీ తల మా చాప మీద పెట్టకు."

"జాలర్ల సంఘం ఆఫీసుకెళ్లి చెప్పేస్తానమ్మా. ఈ సాయంత్రం అమ్మ రాగానే ఆవిడ కాళ్ల మీద..."

"అమ్మకా?" మిచియో గొంతు అప్పుడు లేచింది. "ఏటా ఆగస్టులో, పోయినవాళ్లకి పెట్టుకునే బోన్ పండక్కి నువ్వొచ్చి అన్నయ్య పటం ముందు కూర్చుంటే అమ్మ నీకు టీ పోసి ఏమంటుంది? అంత చలిలో మూడు రోజులు వెతికారు నా బిడ్డ కోసం అంటుంది. ఇరవై ఏడేళ్లుగా ఆ మూడు రోజుల మీదే బతికింది ఆ ముసల్ది. అవి లాగేసుకుని దాని చేతిలో ఏం పెడతావు? అరగంట ఈల పెడతావా?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"రా. ఈ ఆగస్టుకీ రా. అమ్మ ఉన్నన్నాళ్లూ రా. ఆ టీ తాగు, ఆ మాటలన్నీ విను. తల దించకు, దించితే దానికి అనుమానం వస్తుంది."

వారం తర్వాత తోకుజో ఫోన్ చేస్తే తమాకి వచ్చింది. మిచియో సంగతి విని అరుగు మీదే కూర్చుని ఏడ్చింది. ఇకపై తయారయ్యే గేముల్లోంచి ఆ ఘట్టం తీయించేస్తానంది. నీ తప్పు లేదమ్మాయ్ అనబోయి, ఆమె ముందుకు టీ కప్పు జరిపాడు. ఆమె మీద కోపం ఉందో లేదో అతనికే తెలియలేదు.

"ఆడేవాళ్లు ఏది నొక్కుతున్నారు?" అని మాత్రం అడిగాడు.

తమాకి ముక్కు తుడుచుకుంది. "ఉత్తరాలు రాస్తున్నారండీ. చాలామంది ముందు గాలే నొక్కుతున్నారు, ఓడకి దెబ్బ తగులుతుందని. తర్వాత మనసొప్పక మళ్లీ మొదటినుంచి ఆడుతున్నారు."

తోకుజో పాత తాడు చేతిలోకి తీసుకుని ముడులు విప్పసాగాడు. ఆమె ఎప్పుడు లేచి వెళ్లిందో గమనించలేదు.

ఆగస్టు పదిహేనున ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని నిషియో వాళ్లింటికి వెళ్లాడు. షోహే తల్లి కినుకి ఎనభై ఆరేళ్లు. వణికే చేతులతో తనే టీ పోసింది. కొడుకు పటం ముందు దోసకాయ, ఉడికించిన గుమ్మడి ముక్కలు పెట్టి ఉన్నాయి. మిచియో వంటింట్లో కూరలు తరుగుతోంది.

"మూడు రోజులు వెతికారు నాయనా, అంత చలిలో. నీ రుణం..."

అతను తల ఎత్తే ఉంచాడు. టీ తాగాడు. ఇక లేవొచ్చు అనుకుంటుండగా ముసలామె అతని మొండి చెయ్యి పట్టుకుంది.

"ఇంక ఎన్నాళ్లుంటానో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు గానీ, ఆ మూడో రోజు సంగతి చెప్పు తోకుజో. అప్పటికి ఆశ వదిలేసుంటారు కదా, అయినా వెతికారంటే ఎలా వెతికారు?"

వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది.

"మూడో రోజు..." అని తోకుజో మొదలుపెట్టాడు. టీ కప్పు కింద పెట్టాడు. "మూడో రోజు గాలి కొంచెం తగ్గిందమ్మా. తెల్లారగానే చిన్న పడవ దించాం. నేనూ, ఇంకో ముగ్గురం."

"చలిగా ఉందా?"

"ఉంది. వంటవాడు వేడి అన్నం ముద్దలు చేసిచ్చాడు. తినబుద్ధి కాలేదెవరికీ. షోహే పేరు పెట్టి వంతులవారీగా పిలిచాం."

మిచియో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ముఖంలోకి చూసి అతను ఆగిపోయాడు.

"ఆపావేం బాబాయ్" అంది ఆమె. "చెప్పు. తర్వాతేమైంది?"

వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తోకుజో చెప్పాడు. పొద్దెక్కిందని, పక్షులు కనబడ్డాయని, వాటి కింద ఏదైనా ఉందేమోనని రెండు మైళ్లు తెడ్లు వేశామని, తీరా చూస్తే నాచు అని. అలా వాళ్లు ఎక్కని పడవలో, వెతకని సముద్రంలో సాయంత్రం దాకా తిరిగాడు. వింటున్నంతసేపూ కిను కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. మిచియో మాత్రం చాప అంచు గోటితో గీరుతూ ఏడ్చింది.

ఆ చలికాలం కిను నిద్రలోనే పోయింది. కర్మ అయిన మర్నాడు మిచియో వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఇక నువ్వు రానక్కర్లేదు" అని చెప్పి వెళ్లిపోయింది. తోకుజో ఆ రోజే సంఘం ఆఫీసుకు వెళ్లి జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పాడు. సంతకాలు పెట్టినవాళ్లలో నలుగురు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు అతను అబద్ధమాడుతున్నాడన్నారు. ఒకడు లేచి బయటికి పోయాడు. నాలుగోవాడు, నిప్పుల పొయ్యి పక్కన కూర్చున్న ముసలి ఇంజను మనిషి, "నాకూ వినబడింది" అన్నాడు.